డెడ్‌స్టాకులో సువార్తమ్మ టీచరు

మా పురపాలక సంఘం నీటి సరఫరా విభాగానికి ఒక సెల్‌ఫోను ఉంది. అది ఇంజినీరు గారి ఫోను అనుకుంటారు జనం. పొరపాటు. అది ఇంజినీరు కుర్చీ ఫోను. ఆ కుర్చీలోకి ఎవరొస్తే వాళ్ళ చేతిలో మోగుతుంది, బదిలీ అయితే బల్ల మీద వదిలేసి పోవాలి. ఇంజినీర్లు మారతారు, నంబరు మారదు. మా ఊళ్ళో చాలామంది పిల్లలకు ఒకటో ఎక్కం కంటే ముందు ఆ నంబరు వస్తుంది.

నా పేరు పానకాలరావు. ఆ విభాగంలో సీనియర్ అసిస్టెంటుని. ఫైళ్ళు నేను రాస్తాను, ఇంజినీరు గారు సంతకం పెడతారు, తప్పు దొర్లితే ఇద్దరం కలిసి అటెండరు కోటయ్య మీద కేకలేస్తాం. ఆఫీసు ఇలా సజావుగా నడుస్తూ ఉండగా పైన ఎవరికో డిజిటల్ ఆస్తుల మీద ప్రేమ పుట్టింది. ఒక సర్క్యులరు దిగింది.

"ప్రభుత్వ చరవాణియందు నిక్షిప్తమైన సమస్తమును ప్రభుత్వ ఆస్తిగా పరిగణించవలెను. బదిలీపై వెళ్ళు అధికారి సదరు చరవాణిలోని యావత్తు అంశములను ఉన్నవి ఉన్నట్టుగా తన తరువాతి అధికారికి అప్పగించవలెను. ఏ ఒక్క అంశము తగ్గినను సదరు అధికారి వ్యక్తిగతముగా బాధ్యుడగును."

పాత ఇంజినీరు గారు వెళ్ళే రోజున ఫోను తెరిచి ఏమేం ఉన్నాయో చదువుతూ వచ్చాడు. నేను డెడ్‌స్టాకు పద్దులో ఎక్కిస్తూ వచ్చాను. డెడ్‌స్టాకు అంటే మరేం లేదు, ఆఫీసులో కుర్చీలూ బల్లలూ బీరువాలూ రాసుకునే పుస్తకం. ఫోటోలు రాశాం. శుభోదయం బొమ్మలు రాశాం. చివర్లో ఆయన గొంతు సవరించుకుని, "బ్లాకు చేయబడిన వ్యక్తులు, పదకొండు" అన్నాడు. గోడ ఫ్యాను కిందా, ఇనుప బీరువా పైనా ఖాళీ ఉంటే అక్కడ రాశాను.

ఆ పదకొండులో ఒకరు సువార్తమ్మ టీచరు.

ఆవిడ రిటైరైన సోషలు టీచరు. నాకూ పాఠం చెప్పింది, ఇప్పుడు నాకు ఎదురింట్లో ఉంటుంది. చర్చి వెనక వీధి మాది. డ్రైనేజీ తవ్విన కాంట్రాక్టరు మా వీధి పైపు పగలగొట్టి, మట్టి కప్పి, బిల్లు తీసుకుని వెళ్ళిపోయిన దగ్గర్నుంచి మాకు కుళాయి నీళ్ళు లేవు. వీధి చివర బోరింగు దగ్గర్నుంచి మోసుకోవాలి. ఆవిడకి మోకాళ్ళు అరిగిపోయాయి. ఒక్క బిందె తెచ్చుకోవటానికి దారిలో మూడు అరుగుల మీద కూర్చుంటుంది.

మా వీధిలో ఫిర్యాదు చేసేది ఆవిడ ఒక్కతే. మిగతావాళ్ళం ఆ పని ఆవిడకి వదిలేశాం. నేనైతే ఆ ఆఫీసులోనే పనిచేస్తాను కాబట్టి నోరెత్తటం మర్యాద కాదని ఊరుకున్నాను. ఈ మర్యాద మా ఆవిడ రాజ్యానికి ఎంత చెప్పినా ఎక్కేది కాదు, బిందెలు తను మోస్తుంది కనక. టీచరు రోజూ పొద్దున్నే ఇంజినీరు నంబరుకి ఫోను చేసి ఈ వేళ కూడా రాలేదని చెప్పేది, దానికి సాక్ష్యంగా ఖాళీ బిందె ఫోటో తీసి పంపేది. పాత ఇంజినీరు గారికి కొన్నాళ్ళకి కలలో బిందెలు రావటం మొదలైంది. బ్లాకు చేశాడు.

కొత్తగా వచ్చిన ఇంజినీరు విశ్వంభరం గారు మంచి మనిషి. మా ఉద్యోగాల్లో ఇది ఒక రకం ఆరోగ్య సమస్య. వచ్చిన వారంలోనే సువార్తమ్మ టీచరు గోడ పట్టుకుని మెట్లెక్కి ఆఫీసుకొచ్చింది. ఆయన లేచి కుర్చీ వేయించారు. ఆవిడ నోరు తెరిచేలోగా గోడ మీది బోర్డు చూపించాల్సి వచ్చింది: ఫిర్యాదులు ఫోను ద్వారా మాత్రమే స్వీకరించబడును. మంచిదేనని ఆవిడ తన ఫోను తీసి అక్కడే నంబరు నొక్కింది. ఇద్దరి మధ్యా బల్ల ఉంది, బల్ల మీద ఆఫీసు ఫోను ఉంది. ముగ్గురం దానివంక చూశాం. అది ఉలకలేదు, పలకలేదు.

"సార్, ఈవిడ బ్లాకులో ఉన్నారు," అన్నాను.

"ఎవరు చేశారు?"

"మీకు ముందాయన. మీరు చార్జి తీసుకున్నప్పుడు సంతకం కూడా పెట్టారు."

సువార్తమ్మ టీచరు నావంక తిరిగింది. "ఏంది పానకాలూ, నేనేమన్నా తిట్టానా ఆయన్ని? నీళ్ళు రావట్లేదని చెప్పాను. అదీ అండీ అని పిలిచే చెప్పాను."

విశ్వంభరం గారు వెంటనే ఫోను అందుకున్నారు. బ్లాకు తీసేయటానికి వేలు పెట్టబోయారు. నేను అడ్డుపడ్డాను. నా బాధ్యత అది. తమరు పదకొండుమందిని తీసుకున్నట్టు సంతకం పెట్టారు, రేపు మీరు వెళ్ళేనాడు పదిమంది తేలితే ఆ పదకొండో మనిషిని ఎక్కణ్ణించి తెచ్చిస్తారని వినయంగా అడిగాను. ఆయన వేలు గాల్లోనే ఆగిపోయింది. ఆ వేలికి పెళ్ళాం, ఇద్దరు పిల్లలు, ఇంటి అప్పు ఉన్నాయి. ఫోను బల్ల మీద పెట్టేశారు.

బ్లాకు తొలగించుటకు అనుమతి కోరుతూ కమిషనరు గారికి ఉత్తరం రాశాం. జవాబు వచ్చింది. "డెడ్‌స్టాకునందలి ఏ ఆస్తినైనను తొలగించవలెనన్న, అది పూర్తిగా నిరుపయోగమైనట్లు ధ్రువీకరించబడవలెను. సదరు సువార్తమ్మ నడుచుచు, మాట్లాడుచు, ఫోను చేయుచున్నట్లు మీ లేఖ వలననే విదితమగుచున్నది. కావున తొలగింపు కుదరదు. సదరు ఆస్తిని యథాస్థితిలో కాపాడవలెను."

ఈ సంగతి టీచరుకి నేనే చెప్పాను. ఆవిడ ఖాళీ బిందె చంకన పెట్టుకుంది. "సరే, ఇంకో బిందె తెచ్చుకుంటా," అని బోరింగు వైపు నడిచింది. నాకు నిజంగా సిగ్గేసింది. కానీ సిగ్గు వేయటానికి మా ఆఫీసులో పద్దు లేదు.

తర్వాత ఆడిట్ వచ్చింది.

ఆడిటర్ శేషఫణి గారు సన్నగా, శుభ్రంగా, ఎప్పుడూ ఏదో లెక్క తగ్గినట్టు బాధపడుతూ ఉంటారు. డెడ్‌స్టాకు పద్దు తెరిచి కుర్చీలు లెక్కపెట్టారు, బీరువా తట్టి చూశారు, ఫ్యాను వేయించి చూశారు. తర్వాతి గీత దగ్గర వేలు ఆగింది.

"బ్లాకు చేయబడిన వ్యక్తులు ఎక్కడ?"

"ఊళ్ళో ఉన్నారండీ," అన్నారు విశ్వంభరం గారు.

"భౌతిక తనిఖీ నిమిత్తం హాజరుపరచండి."

ఫోను చేసి పిలిచే వీలు వాళ్ళ విషయంలో లేదు. కోటయ్య సైకిలు మీద ఇంటింటికీ తిరిగి అందరినీ వరండాలోకి చేర్చాడు. ఒకాయన మాత్రం ఒంగోల్లో కూతురింటికి వెళ్ళాడట. అతణ్ణి ఇతర కార్యాలయమునకు అరువుపై పంపబడినట్లు చూపించి గండం గట్టెక్కాం. మిగిలిన వాళ్ళు ఎన్నాళ్ళకో ఆఫీసులో అడుగుపెట్టారు. టీ ఇప్పించాం, బిస్కట్లు పెట్టాం. ఒక్కొక్కరూ శేషఫణి గారి ఎదుట తమ ఫోను లోంచి ఇంజినీరు నంబరుకి చెయ్యాలి, ఆఫీసు ఫోను మోగకూడదు. మోగకపోతే ఆయన సంతృప్తిగా టిక్కు పెడతారు. ఒక పెద్దాయన ఫోను చేస్తుంటే ఎక్కడో ఫోను మోగింది. విశ్వంభరం గారు గుండె పట్టుకున్నారు. తీరా అది కోటయ్య ఫోను.

"ఆస్తుల మీద నంబర్లేవీ?" అన్నారు శేషఫణి గారు.

నిజమే. మా ఆఫీసులో ప్రతి కుర్చీ వీపునా, ప్రతి బల్ల కాలునా తెల్ల పెయింటుతో నంబరు ఉంటుంది. కోటయ్య పెయింటు డబ్బా, కుంచె పట్టుకుని వరండాలోకి వచ్చాడు. ఎక్కడ వెయ్యాలన్న దానిమీద చర్చ జరిగింది. నియమం ప్రకారం సులభముగా కనిపించు చోట, తేలికగా చెరిగిపోని విధముగా వెయ్యాలి. ఒకాయన ఉత్సాహంగా నుదురు చూపించాడు. సువార్తమ్మ టీచరు మాత్రం కోటయ్యని ఒక్క చూపు చూసింది. వాడు ఆవిడ దగ్గరే ఏడో తరగతి తప్పాడు. కుంచె వెనక్కి పెట్టుకున్నాడు. చివరికి ఎవరి ఇంటి గేటు మీద వాళ్ళ నంబరు వెయ్యటానికి ఒప్పందం కుదిరింది. టీచరు గేటు మీద నీ.స.వి. / బ్లాకు / 7 అని పడింది.

అన్నీ అయి లేవబోతూ శేషఫణి గారు పద్దులో ఆఖరి గడి నింపటానికి అడిగారు. "ఆస్తి స్థితి బాగుందా?"

ఆ ప్రశ్న నన్ను అడిగారు. జవాబు టీచరు చెప్పింది.

"ఏం బాగు నాయనా. ఏడాదిగా కుళాయి రాదు. మోకాళ్ళు పోయినయ్. బిందెతో ఒకసారి పడ్డాను కూడా. ఇంకో ఎండాకాలం ఇట్లాగే మోస్తే మీ లెక్కలో నేనుండను."

ఊళ్ళో ఒక ముసలావిడ ఈ మాటంటే వినేవాడు లేడు. ప్రభుత్వ ఆస్తి తన నోటితో తన శిథిలావస్థ గురించి చెప్పుకోవటం మాత్రం శేషఫణి గారి సర్వీసులో ఎప్పుడూ జరగలేదు.  అక్కడే కూర్చుని ఆడిట్ అభ్యంతరం రాశారు. "ఏడవ నంబరు ఆస్తి తగిన నీటి సదుపాయము లేమి వలన శీఘ్రముగా అరుగుదలకు గురియగుచున్నది. ఇది ఆస్తి సంరక్షకాధికారి యొక్క తీవ్ర నిర్లక్ష్యము. తక్షణమే ఆస్తుల నిర్వహణ పద్దు నుండి మరమ్మతు చేయించనిచో నష్టము అధికారి జీతము నుండి రాబట్టబడును."

ప్రజలకి నీళ్ళివ్వటానికి మా దగ్గర నిధులు ఏనాడూ లేవు. ఆస్తుల నిర్వహణకి మాత్రం ఏటా వస్తాయి, వాడేవాడు లేక ఏటా వెనక్కి పోతాయి. ఆ వారంలోనే పైపులు దిగాయి. టాంకు దగ్గర్నుంచి సువార్తమ్మ టీచరు ఇంటి దాకా తిన్నగా కొత్త లైను వేశారు. దారిలో మా ఇళ్ళన్నిటి ముందు నుంచీ పోయింది, ఏ ఇంటి దగ్గరా ఆగలేదు. ఆస్తి నిధులు ఆస్తి కాని వారి మీద ఖర్చు పెడితే అది మరో ఆడిట్ అభ్యంతరం. మా గుమ్మం ముందు గొయ్యి తవ్వి, పైపు పరిచి, పూడ్చి వెళ్ళిపోతుంటే రాజ్యం చీపురు పట్టుకుని నిలబడి చూసింది. నన్ను కూడా చూసింది.

కుళాయి తిప్పిన రోజు టీచరు ముందు చేసిన పని ఏమిటంటే, ఇంజినీరు గారికి ఫోను. వెళ్ళలేదు. మళ్ళీ చేసింది. వెళ్ళలేదు. చెంగుతో చేతులు తుడుచుకుంటూ మా ఇంటికొచ్చింది.

"నీళ్ళొచ్చినయ్ అని చెప్దామని, పానకాలూ. ఇన్నాళ్ళూ రావట్లేదని చెప్పానా, వచ్చినయ్యని చెప్పకపోతే ఎట్లా? నువ్వన్నా చెప్పు ఆయనకి."

ఆవిడ కళ్ళల్లో నీళ్ళు.  ఆఫీసుకెళ్ళి చెప్పాను. విశ్వంభరం గారు ఈ మాట ఫోనులో వింటే ఎంత బాగుండేది అన్నారు.

మిగతా పదిమంది ఇళ్ళకీ పైపులు పడ్డాయి. అరువు మీద వెళ్ళినాయన ఒంగోలు నుంచి పరుగున వచ్చేశాడు. నంబరు ఉన్న ప్రతి గేటు వెనకా నీళ్ళు, నంబరు లేని ప్రతి గేటు ముందూ బిందెలు. ఊరు దీన్ని అర్థం చేసుకోవటానికి ఎక్కువ సమయం తీసుకోలేదు.

ఆఫీసు ఫోను ఆగకుండా మోగటం మొదలైంది. తెల్లవారకుండానే శుభోదయం పంపేవాళ్ళు కొందరు. ఇడ్లీ పిండి పులిసిందో లేదో చూసి చెప్పమని వీడియో పంపింది ఒకావిడ. ఒక భజన బృందం వంతులు వేసుకుని పాడింది. మొదట్లో విశ్వంభరం గారు అందరికీ ఓపికగా జవాబు చెప్పేవారు, ఆ ఓపిక చూసి జనం భయపడిపోయారు. ఈ మనిషి బ్లాకు చెయ్యడేమోనని కౌన్సిలరు గారి దగ్గర సిఫారసు ఉత్తరాలు తెచ్చుకున్నారు. "ఈ పత్రము తెచ్చు బ్రహ్మానందము నాకు చిరకాలముగా తెలిసినవాడు, మిక్కిలి విసుగు పుట్టించువాడు. తమరు పరిశీలించి తక్షణమే బ్లాకు చేయ ప్రార్థన." నిజానికి బ్రహ్మానందం పాపం చాలా తక్కువ మాట్లాడే మనిషి. ఆఫీసు గేటు బయట ఒకతను బల్ల వేసుకుని ఎలా విసిగించాలో నేర్పేవాడు.

కమిషనరు గారు పరిస్థితి గమనించి దానికొక పద్ధతి పెట్టారు. అర్హులను మాత్రమే బ్లాకు చేయాలి. అర్హత నిర్ణయించటానికి కమిటీ. వికలాంగులకు, వృద్ధులకు ప్రాధాన్యం. మునిసిపల్ హైస్కూలు మైదానంలో షామియానా వేసి బ్లాకు మేళా పెట్టారు. కమిషనరు గారు దీపం వెలిగించి ఉపన్యసించారు. "పౌరుణ్ణి బ్లాకు చేయడమంటే అతణ్ణి దూరం చేయడం కాదు, అక్కున చేర్చుకోవడం," అన్నారు. చప్పట్లు కొట్టాం. వార్డుల వారీగా వరసలో నిలబడ్డారు జనం. ప్రతి ఒక్కరూ మైకులో ఇంజినీరు గారిని ఒక్క మాట అనాలి, ఆయన తల వంచి స్వీకరించి బ్లాకు నొక్కాలి, కోటయ్య నంబరు రాసిన చీటీ ఇవ్వాలి. సాయంత్రానికి విశ్వంభరం గారి ముఖం చూడలేకపోయాను. ఒక పిల్లాడి తల్లి మాత్రం ఏమనాలో తెలియక, "ఇంత ఎండలో కూర్చున్నారు, అన్నం తిన్నారా బాబూ?" అంది. ఆయన ఏడ్చేశారు. కమిటీ వారు చర్చించి ఆవిడని కూడా అర్హురాలిగానే ఆమోదించారు.

నేనూ వరసలో నిలబడ్డాను. కమిటీ ఒప్పుకోలేదు. అధికారి తన కింది ఉద్యోగిని బ్లాకు చేయరాదు, ఉత్తర్వులు అందవు కాబట్టి. నియమం మంచిదే, రాసింది నేనే. ఊరంతటికీ పైపులు పడ్డాక నీళ్ళు లేని ఇళ్ళు రెండే మిగిలాయి. ఒకటి మాది. రెండోది ఇంజినీరు గారి క్వార్టరు. తనని తాను బ్లాకు చేసుకోవటానికి ఫోనులో ఏర్పాటు లేదు.

రాజ్యం రోజూ పొద్దున్నే సువార్తమ్మ టీచరు ఇంట్లో రెండు బిందెలు పట్టుకొచ్చేది. టీచరు ఎప్పుడూ కాదనలేదు. కాకపోతే ప్రభుత్వ ఆస్తి ఇంటి నీళ్ళని బయటికి ఇవ్వటం గురించి పక్కింటాయన ఒకటి రెండుసార్లు దీర్ఘం తీశాడు. రాజ్యం ఇట్లా మాట పడటం తనకి నచ్చట్లేదని టీచరే నన్ను పిలిచి చెప్పింది. "నియమం సంగతి తర్వాత. నువ్వూ ఆయన్ని కాస్త విసిగించి చూడు నాయనా. నీకు చేతనవును, క్లాసులో చూశాగా," అంది.

సరేనని ఒక సాయంత్రం విశ్వంభరం గారికి ఫోను చేశాను. మొదటి రింగుకే ఎత్తారు.

"పానకాలరావు గారా, చెప్పండి, చెప్పండి. ఈ ఫోను మోగి ఎన్నాళ్ళయింది."

మా ఇంట్లో నీళ్ళు రావట్లేదని కాస్త దురుసుగానే అన్నాను. తన ఇంట్లోనూ రావట్లేదని ఆయన ఇంకా ఎక్కువ బాధతో చెప్పారు. తర్వాత నడుం నొప్పి గురించి చెప్పారు. పెద్దమ్మాయి లెక్కల్లో వెనకబడటం గురించి చెప్పారు. ఊరంతా బ్లాకు అయిపోయాక ఆయనతో మాట్లాడటానికి మిగిలింది నేనొక్కణ్ణే. మర్నాటి నుంచి ఆయనే ఫోను చెయ్యటం మొదలుపెట్టారు. పొద్దున్నే లేవగానే ఒకటి, పడుకోబోయే ముందు ఒకటి. ఈ వేళ కూడా రాలేదని చెప్పి, సాక్ష్యంగా ఖాళీ బకెట్టు ఫోటో పంపేవారు.

పై అధికారి ఫోను ఎత్తకుండా ఉండలేను. ఎత్తి వినలేను. బకెట్లు నా కలలోకి రావటం మొదలైంది. ఒకరోజు అన్నం కంచం ముందు కూర్చోగానే మళ్ళీ మోగింది. రాజ్యం నా చేతిలోంచి ఫోను లాక్కుని నా ఎదురుగా పెట్టింది.

"పైవాళ్ళు కిందవాళ్ళని చెయ్యకూడదని గదా రాశావు. కిందవాళ్ళు పైవాళ్ళని చెయ్యకూడదని ఎక్కడన్నా రాశావా?"

రాయలేదు. అలాంటి అవసరం ఎవడికైనా వస్తుందని ఊహించలేదు. ఎంగిలి చెయ్యి కడుక్కోకుండానే నొక్కేశాను. ఇల్లంతా నిశ్శబ్దం అయిపోయింది. చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాను. నిద్ర పట్టబోతుండగా గుర్తొచ్చింది, నా చేతిలో ఉన్నది కూడా ఆఫీసు ఇచ్చిన ఫోనే.

తెల్లవారి గేటు చప్పుడైతే వెళ్ళి తీశాను. విశ్వంభరం గారు నిలబడి ఉన్నారు. స్నానం చెయ్యని ముఖం, కానీ వెలిగిపోతోంది. వెనక కోటయ్య, చేతిలో తెల్ల పెయింటు డబ్బా. నాకు సస్పెన్షను తప్పదనుకుని చేతులు జోడించబోయాను. ఆయన నా చేతులు పట్టుకున్నారు.

"మీ మేలు మర్చిపోలేనండీ. ఇప్పుడు నేను తమరి చార్జిలో ఉన్న ఆస్తిని. డెడ్‌స్టాకులో ఎక్కించి సంతకం పెట్టండి, పైపులు బండి మీదే ఉన్నాయి," అన్నారు.

ఎక్కించాను. ఆయన క్వార్టరు గేటు మీద నంబరు పడింది, మధ్యాహ్నానికల్లా నీళ్ళు వచ్చాయి. ఆ మాట నాకు చెప్పటానికి ఫోను చేశారట. వెళ్ళలేదు.

ఇప్పుడు ఊళ్ళో నంబరు లేని గేటు మాదొక్కటే. నన్ను బ్లాకు చెయ్యమని తెలిసిన ప్రతి అధికారికీ ఫోను చేస్తున్నాను, కమిషనరు గారికి కూడా చేస్తున్నాను. ఎవరికి చేసినా మొదటి రింగుకే ఎత్తి, నేను చెప్పేదంతా మర్యాదగా వింటున్నారు.